పిలిస్తే పలకదు.. అక్కడే ఉంటుంది!

లంబసింగి చలిలో ఇంటి పిల్లి కనిపించకపోతే ముందు గాలించాల్సింది ఊరిని కాదు, ఇంటిని

లంబసింగి మీద ముఖచిత్ర కథనం కావాలి, బుధవారం సాయంత్రానికల్లా పేజీలు మూసేస్తాం అన్నారు ఎడిటర్‌ గారు. పొగమంచు, సెల్ఫీలు, స్ట్రాబెర్రీ తోటలు.. ఏటా డిసెంబర్లో అందరూ వేసేవే. నేనూ ఆ జాబితా పట్టుకునే కొండెక్కాను. తీరా తెల్లవారేసరికి, నేను దిగిన ఇంట్లో పిల్లి కనిపించలేదు. పిల్లి మాటేమో గానీ ఇంట్లోవాళ్లే కాలుగాలిన పిల్లుల్లా తిరగడం మొదలెట్టారు. నాకు పిల్లులంటే పెద్ద మోజు లేదు. అయినా మంచును పక్కనబెట్టి వాళ్ల వెంట పడ్డాను.

పెంకుటిల్లు. అటక మీద పాత గోనెలు, మూలన గాదె, దాని వెనక చెయ్యి పట్టేంత సందు. కాఫీ పళ్లు కోసే రోజులు కావడంతో వసారా నిండా ఎండిన గింజల బస్తాలు. పిల్లలు గొంతు చించుకుని పిలుస్తున్నారు. పెద్దామె మాత్రం కంగారు పడలేదు. “అరవకండిరా, అరిస్తే ఇంకా ముడుచుకుంటాది” అని మనవళ్లను కసిరి, పొయ్యి మీద రెండు ఎండుచేపలు కాల్చింది. వాసన ఇల్లంతా పరుచుకున్నాక, సెల్‌ఫోన్‌ టార్చిని నేలకు ఆనించి బస్తాల సందులోకి వెయ్యమంది. లోపల రెండు పచ్చటి చుక్కలు తళుక్కుమన్నాయి. పిల్లి కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది, ఆ మెరుపు దానిదే. గుమ్మానికి రెండు మూరల దూరంలో కూర్చుని మా కేకలన్నీ వింటూనే ఉందన్నమాట.

ఆ పెద్దామె చేసిన పనికి రుజువు లాంటి కాగితం ఒకటి తర్వాత దొరికింది. 2018లో ‘యానిమల్స్‌’ అనే పరిశోధన పత్రికలో అచ్చయింది. పిల్లి తప్పిపోయిన 1,210 మందిని అడిగి రాశారు. వారంలోగా ప్రాణాలతో దొరికినవి మూడో వంతు. ఏడాదిలోగా 61 శాతం. 90 రోజులు దాటాక దొరకడం అరుదు. దొరికిన వాటిలో 75 శాతం, తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే ఉన్నాయి. స్వయంగా, ఓపిగ్గా కళ్లతో గాలించినవారికే దొరికే అవకాశం ఎక్కువని తేల్చారు. సర్వేలంటే నాకు సహజంగానే అనుమానం. ఇందులో కాఫీ బస్తాలూ గాదెలూ ఉన్న కొండ ఇళ్ల లెక్క లేదు కూడా. కానీ 500 మీటర్ల మాట మాత్రం నమ్మబుద్ధేసింది.

మరి పిలిస్తే ఎందుకు రాదు? జపాన్‌ పరిశోధకులు 2013లో 20 పెంపుడు పిల్లులకు యజమాని గొంతూ, కొత్తవాళ్ల గొంతూ వినిపించారు. యజమాని పిలుపును అవి గుర్తుపట్టాయి. చెవి తిప్పాయి, తల తిప్పాయి. మ్యావ్‌ అనడం, తోక ఆడించడం మాత్రం చాలా అరుదు. వినబడక కాదు, వినీ కదలవంతే. బెదిరిన పిల్లయితే ఊపిరి బిగబట్టినట్టు నక్కుతుంది.

చలి సంగతి వేరు. పిల్లి ఒంటికి హాయిగా ఉండేది 30 నుంచి 38 డిగ్రీల మధ్య. లంబసింగిలో శీతాకాలం తెల్లవారుజామున ఒక్కోసారి సున్నా దగ్గరికి దిగుతుంది. అందుకే పొయ్యిగడ్డ బూడిద, దుప్పట్ల మడత, బస్తాల నడుమ చోటు.. ఎక్కడ వెచ్చదనముంటే అక్కడ వెతకాలి.

అసలు ప్రమాదం వాకిట్లో ఉంది. సూర్యోదయానికి మంచు చూడాలని రాత్రికి రాత్రే నర్సీపట్నం మీదుగా ఘాట్‌ ఎక్కే కార్ల ఇంజిన్లు చాలాసేపు వెచ్చగా ఉంటాయి. పిల్లి కింది నుంచి లోపలికి దూరుతుంది. బండి స్టార్ట్‌ చేస్తే అంతే సంగతులు. జపాన్‌లో ఈ గొడవ పడలేకే నిస్సాన్‌ కంపెనీ, బండి తీసేముందు బానెట్‌ తట్టండంటూ ప్రచారమే నడిపింది.

చరిత్ర కూడా ఉండాలన్నారు కాబట్టి గబగబా చెప్పేస్తాను. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, చింతపల్లి మండలంలో ఉందీ ఊరు. 2022 ఏప్రిల్‌ 4న పాత విశాఖ జిల్లా నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. 1922 ఆగస్టు 22న అల్లూరి తుపాకుల కోసం తొలి దాడి చేసింది ఈ చింతపల్లి ఠాణా మీదే. ఇక పిల్లి విషయానికొస్తే, సైప్రస్‌లో దాదాపు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లినీ పూడ్చారు. గింజలు దాచినచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లి. అప్పుడూ ఇప్పుడూ అదే లెక్క.

వెతికే వరస

- ముందు బయటి తలుపులు మూయండి. ఒక గది పూర్తికాగానే దాని తలుపూ వేసేయండి.
- అటక, బీరువా వెనక, ఫ్రిజ్‌ కింద, వాషింగ్‌ మెషీన్‌ లోపల చూడండి. పరుపు కిందే కాదు, మంచం అడుగున చిరిగిన గుడ్డలోనూ చూడండి.
- పగలు కూడా టార్చి వాడండి. వెలుగు నేలబారుగా పడాలి.
- చూడిపిల్లి అయితే ఈనడానికి చాటు వెతుక్కుంటుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందన్నది ఊరికే పుట్టిన మాట కాదు.
- ఇంట్లో లేదని తేలాక ఇరుగుపొరుగు షెడ్లు, గోదాములు తెరిపించండి. తెలియక తాళం వేసి ఉండొచ్చు.

లంబసింగి వెళ్లేవారికి చివరగా ఓ మాట. మంచు చూసి తిరుగు ప్రయాణమయ్యేటప్పుడు బానెట్‌ మీద నాలుగు దెబ్బలు వేసి, కాసేపు ఆగి, అప్పుడు తాళం తిప్పండి. మీకు పోయేది ఒక్క నిమిషమే.