పోల్బిన్ నడిపిన పెష్కా

"బాంబు ఎలాగూ కిందికే పడుతుంది కదా సార్, దాన్ని వెయ్యడానికి విమానం కూడా నేల మీదికి దూకడమెందుకు?" అని పదో తరగతి కుర్రాడొకడు గురుత్వాకర్షణ పాఠం మధ్యలో అడిగాడు. ముందు రోజు ఏదో యుద్ధం సినిమా చూశాడట. దీనికి జవాబు నాకు చాలా ఇష్టమైన ఒక యంత్రంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ వైమానిక దళం వాడిన పె-2 బాంబర్ అది. పైలట్లు ముద్దుగా పెష్కా అనేవారు.

ముందు లెక్క చూద్దాం. పరుగెత్తే బస్సు కిటికీలోంచి వదిలిన మామిడి టెంక వదిలినచోట పడదు, బస్సు వేగాన్ని వెంటబెట్టుకుని ముందుకు పోయి పడుతుంది. విమానం 3,000 మీటర్ల ఎత్తున, గంటకు 400 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోతోందనుకోండి. గాలి నిరోధాన్ని పక్కన పెడితే బాంబు నేల చేరడానికి దాదాపు 25 సెకన్లు పడుతుంది. ఈలోగా అది ముందుకు 2.7 కిలోమీటర్లు పోతుంది. వంతెనను కొట్టాలంటే అంత దూరం ఇవతలే వదలాలన్నమాట. మీట నొక్కడం ఒక్క సెకను ఆలస్యమైతే 111 మీటర్లు గురి తప్పినట్టే. వంతెన వెడల్పేమో పది మీటర్లు కూడా ఉండదు.

అదే విమానం 60 డిగ్రీల వాలులో, 540 కిలోమీటర్ల వేగంతో ముక్కు కిందికి పెట్టి దూకుతూ, అంటే డైవ్ చేస్తూ, వెయ్యి మీటర్ల ఎత్తులో బాంబు వదిలితే? ఆరు సెకన్లలో అంతా అయిపోతుంది. విమానం ముక్కు చూపించిన చోటుకు బాంబు 110 మీటర్లు ఇవతల పడుతుంది, అంతే. ఆ కాస్త తేడాను గురిలోనే సర్దుకోవచ్చు. గాలి దాన్ని పక్కకు నెట్టడానికి దొరికే సమయం కూడా పావు వంతే. కుర్రాడి ప్రశ్నకు జవాబు ఇక్కడికి పూర్తయింది. కానీ నాకు ఆసక్తి బాంబు వదిలాక ఏమవుతుందన్నదాని మీద.

విమానం ఇప్పుడు పైకి లేవాలి. లేచే దారి ఒక వృత్తఖండం. దాని వ్యాసార్థం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గురుత్వానికి నాలుగు రెట్ల త్వరణంతో మలుపు తిరిగితే, 540 కిలోమీటర్ల వేగం దగ్గర వ్యాసార్థం 574 మీటర్లు. 60 డిగ్రీల డైవ్‌నుంచి బయటపడే లోపు 290 మీటర్ల ఎత్తు పోతుంది. వేగాన్ని 720కి పోనిస్తే వ్యాసార్థం వెయ్యి మీటర్లు దాటుతుంది, పోయే ఎత్తు 510. వేగం మూడో వంతు పెరిగితే కిందికి జారేది ఇంచుమించు రెట్టింపు! అందుకే డైవ్ బాంబర్‌కు ఇంజిన్ ఎంత ముఖ్యమో బ్రేకులూ అంత ముఖ్యం. పె-2 రెక్కల కింద జాలీల్లాంటి లోహపు పలకలుండేవి. డైవ్‌లో అవి కిందికి దిగి గాలికి అడ్డం నిలబడేవి. వాటిని తిప్పేవి విద్యుత్ మోటార్లు. ఆ విమానంలో చాలా పనులు విద్యుత్‌తోనే జరిగేవి. 1940లో అది చిన్న సాహసం కాదు.

నాకు మరీ నచ్చింది డైవ్ ఆటోమాట్. తోక మీద ఎలివేటర్ ఉంటుంది, దాని అంచున ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న రెక్క. పైలట్ బాంబు మీట నొక్కగానే ఆటోమాట్ ఆ ట్యాబ్‌ను కదిపేది. ట్యాబ్ కిందికి వంగితే ఎదురుగాలి ఎలివేటర్‌ను పైకి నెడుతుంది, ఎలివేటర్ పైకి లేస్తే ముక్కు లేస్తుంది. బలమైన మలుపులో రక్తం కాళ్లలోకి దిగి పైలట్ కళ్లు చీకట్లు కమ్మినా విమానం తనంతట తాను లేవడం మొదలుపెడుతుంది. ఆ చిన్న ట్యాబ్ టన్నుల బరువును తిప్పడానికి శక్తి గాలి నుంచే తీసుకుంటోంది!

విచిత్రమేమంటే, ఈ విమానాన్ని డైవ్ కోసం గీయనేలేదు. వ్లదీమిర్ పెత్లియకోవ్ దాన్ని చాలా ఎత్తున ఎగిరే ఫైటర్‌గా గీశాడు, అదీ ఖైదీగా! 1937లో అరెస్టయిన ఇంజినీర్లను మాస్కోలో ఒక డిజైన్ కార్యాలయంలో పెట్టి కాపలా నడుమ పని చేయించారు. అక్కడే ఇంకో విమాన డిజైనర్ తుపొలెవ్ కూడా ఖైదీ, ఆయన జట్టు ఇంకో బాంబర్ గీస్తోంది. ఒకే కప్పు కింద రెండు జట్లు, వాళ్లకు విడుదల పత్రం విమానం రూపంలోనే రావాలి. 1940లో పెత్లియకోవ్‌కు కొత్త ఆజ్ఞ వచ్చింది: ఫైటర్‌ను డైవ్ బాంబర్‌గా మార్చు, గడువు నెలన్నర. పీడనం నింపిన క్యాబిన్, టర్బోచార్జర్లు పోయాయి, బ్రేకులు వచ్చాయి. హడావిడిలో ఒక లోపం మిగిలింది. పొట్టలోని బాంబులు నిటారు డైవ్‌లో సరిగా బయటకు జారవు, కాబట్టి డైవ్‌లో బయట వేలాడదీసిన బాంబులే వాడాలి. పెత్లియకోవ్ విడుదలయ్యాడు. 1942 జనవరిలో అర్జమాస్ దగ్గర కూలిన పె-2లో ప్రయాణిస్తూ చనిపోయాడు.

ఇంతా చేస్తే, మొదట్లో చాలా దళాలు ఈ విమానాన్ని అడ్డంగా ఎగరేస్తూనే బాంబులు వేశాయి. డైవ్‌లో శిక్షణ పొందిన పైలట్లు తక్కువ, దిగేటప్పుడు వేగం తగ్గితే ఈ విమానం క్షమించేది కాదు. ఇక్కడే ఇవాన్ పోల్బిన్ వస్తాడు. 1939లో ఖాల్ఖిన్ గోల్‌లో జపాన్ సేనలతో పోరాడినవాడు. 1942 జూలైలో, స్టాలిన్‌గ్రాడ్ వైపు జర్మన్లు ముందుకొస్తున్న రోజుల్లో, మొరొజొవ్‌స్క్ దగ్గర వాళ్ల ఇంధన నిల్వను రెండే విమానాలతో వెళ్లి తగలబెట్టాడు. ఆ నవంబరులో సోవియట్ యూనియన్ హీరో బిరుదు, దాంతో పాటు గోల్డ్ స్టార్, లెనిన్ ఆర్డర్ వచ్చాయి.

నా దృష్టిలో అతని అసలు ఘనత 'వెర్తూష్కా' అనే దాడి పద్ధతి. విమానాలన్నీ లక్ష్యం పైన గుండ్రంగా తిరుగుతాయి, ఒకదాని తర్వాత ఒకటి విడిపోయి దూకుతుంది, లేచి మళ్లీ వలయంలో చేరుతుంది. ఒకటి లేస్తుంటే ఇంకోటి దిగుతుంటుంది, విమాన విధ్వంసక తుపాకుల వాళ్లకు తలెత్తే సందు దొరకదు. వలయంలో ముందున్న విమానం తోకను వెనకున్నది కాపాడుతుంది. డైవ్‌నుంచి లేచే క్షణంలో ఎత్తు లేక, ఒంటరిగా ఉండే విమానానికి ఇంతకన్నా మంచి కాపలా ఏముంటుంది? డిజైనర్ విమానానికి ఇవ్వలేకపోయిన రక్షణను పోల్బిన్ వ్యూహంతో ఇచ్చాడు.

తర్వాత జనరల్ అయ్యాడు, వైమానిక కోర్‌కు అధిపతి అయ్యాడు, బొగ్దాన్ ఖ్మెల్నిట్‌స్కీ ఆర్డర్ అందుకున్నాడు. అయినా దాడుల్లో తనే ముందుండేవాడు. 1945 ఫిబ్రవరి 11న బ్రెస్లావ్ మీద దాడిలో విమాన విధ్వంసక కాల్పులకు కూలి చనిపోయాడు. ఏప్రిల్‌లో రెండో గోల్డ్ స్టార్ ప్రకటించారు.

పె-2లు 11,000కు పైగా తయారయ్యాయి. యుద్ధం చివరికొచ్చేసరికి తుపొలెవ్ జట్టు గీసిన టు-2 దాని స్థానంలోకి వస్తోంది. ఆ తర్వాత జెట్లు వచ్చాయి. అదే లెక్కను 900 కిలోమీటర్ల వేగంతో వేసి చూడండి: వ్యాసార్థం 1,600 మీటర్లు, 60 డిగ్రీల డైవ్‌నుంచి లేవడానికి పోయే ఎత్తు 800. పెష్కాలా నిటారుగా దూకి బాంబు వేసే పద్ధతికి జెట్ యుగంలో పెద్దగా చోటు దొరకలేదు.