బీడీ కట్టల్లాంటి బ్యాక్టీరియా!

ఒంటిమీద పాలిపోయిన మచ్చ. శోభి అని ఒకరు, తామర అని ఇంకొకరు. మందులషాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తే నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటుంది. మళ్లీ మామూలే! ఆ మచ్చకి స్పర్శ లేదంటే కుష్ఠుని అనుమానించాల్సిందే. ముఖమ్మీద మచ్చల్లోనూ, చిన్నపిల్లల్లోనూ స్పర్శ సంగతి ఓ పట్టాన తేలదు. అప్పుడు అక్కరకొచ్చేది బయాప్సీ.

ఆ మాట వినగానే క్యాన్సరేమోనని హడలిపోతారు చాలామంది. అంత భయమక్కర్లేదు. మత్తుసూది ఇచ్చి, మచ్చ అంచు నుంచి నాలుగైదు మిల్లీమీటర్ల ముక్క తీసి, ఒకట్రెండు కుట్లు వేస్తారు. ముక్క పైపైన తీస్తే లాభం లేదు, కొవ్వు పొర తగలాలి. దాన్ని ఫార్మలిన్‌లో నిల్వచేసి, మైనంలో బిగించి, నాలుగైదు మైక్రాన్ల మందాన పొరలుగా కోసి రంగులద్దుతారు.

ఇక మైక్రోస్కోపు వంతు. తామరైతే పైపొరలో ఫంగస్ పోగులుంటాయి. బొల్లి అయితే రంగునిచ్చే కణాలే కనిపించవు. కుష్ఠులో చూడాల్సింది నరాన్ని. రక్షణ కణాలు గుంపులుగా చేరి దాన్ని తినేస్తుంటాయి. చర్మానికొచ్చే క్షయలోనూ ఇలాంటి గుంపులుంటాయిగానీ వాటి గురి నరాలమీద ఉండదు. వ్యాధి ముదిరిన రకంలో ఫైట్ రంగు వేస్తే ఎర్రటి బ్యాక్టీరియా బీడీ కట్టల్లా పేర్చినట్టు బయటపడుతుంది. తొలిదశలో ఒక్కటీ దొరక్కపోవచ్చు. రిపోర్టులో బ్యాక్టీరియా లేదన్నంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు.

కుష్ఠుని నిర్మూలించామని మనదేశం 2005లో ప్రకటించింది. పదివేలమందికి ఒక్క కేసుకన్నా తగ్గడమే అక్కడ నిర్మూలన. 2023లోనూ లక్షకు పైగా కొత్త కేసులొచ్చాయి. మందులు ఉచితం, కోర్సు ఆరు నెలలో ఏడాదో. చచ్చిన నరం మాత్రం తిరిగిరాదు.

అన్నట్టు, ముక్కని పరీక్షించే డాక్టరు రోగిని చూడరు. రాసిన ఆయింట్‌మెంట్ల సంగతి ముక్కతోపాటు వెళ్లే చీటీలో ఉండాలి.