సువర్ణముఖీ తీరమందలి గుడిమల్లము

రేణిగుంటనుండి పాపానాయుడుపేట మీదుగా పొలముల నడుమనున్న బాటపట్టి పోయినచో, సువర్ణముఖీనది యొడ్డున గుడిమల్లమను చిన్న పల్లె కానవచ్చును. 1911 ఏప్రిలు 1వ తేదికి పూర్వ మిది ఉత్తరార్కాటు జిల్లాలో నుండెను. పిదప చిత్తూరు జిల్లాలో చేరెను. 2022 ఏప్రిలు 4వ తేదినుండి తిరుపతి జిల్లా, ఏర్పేడు మండలములోనిది. మన సోదరులలో పెక్కురు కాళహస్తికి పోవుచు వచ్చుచు నీ యూరి చేరువనే సాగిపోయి యుందురుగాని, ఆగి చూచినవారు కొలదిమందియే.

ముందుగా ఏటిని గూర్చి చెప్పవలెను. చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టి, కాళహస్తిని ఒరసికొని, తూర్పు సముద్రమున గలియు నీ నదిలో నీరు పాఱు దినములు స్వల్పము. తక్కిన కాలమంతయు ఇసుకయే. అయినను ఆ ఇసుకయే మన నీటి కొట్టు. వానకాలపు నీటిని అది మ్రింగి దాచుకొనును. పూర్వు లేటి గర్భమున ఊటకాలువలు త్రవ్వి, ఆ దాగిన నీటిని మళ్లకు దెచ్చుకొనుచుండిరి. వఱద వచ్చి పూడ్చినప్పుడెల్ల గ్రామస్థులందఱు గూడి మరల త్రవ్వవలసినదే. ఒక్క రైతు వలన నగు పని కాదది.

ఇక గుడి. పరశురామేశ్వరాలయ మనబడు నిందలి లింగము ఇంచుమించు ఐదడుగుల యెత్తు గలది. దానియందు శివుడు ఒక మరుగుజ్జు భుజములపై నిలిచి, కుడిచేత పొట్టేలును, ఎడమచేత చిన్న నీటికుండను బట్టి, భుజమున గండ్రగొడ్డలి నానించి యుండును. మందకాపరికిని అడవి నరకి చేను చేసికొనువానికిని ఎఱుకపడిన వస్తువులే ఇవి యని మాకు తోచినది. 1911లో టి. ఏ. గోపీనాథరావుగారు దీనిని పండితలోకమునకు దెలియజేసిరి. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమునకును మొదటి శతాబ్దమునకును నడిమి దని పలువుర మతము. అంత ప్రాచీనము కాదను వారును గలరు. 1973–74లో ఐ. కె. శర్మగారు త్రవ్వించగా పాత యిటుకల కట్టడమును, నలుపు ఎఱుపు కలిసిన కుండపెంకులును బయల్పడినవి.

గోడలమీది శాసనములు తమిళమున నున్నవి. వీనిలో బాణరాజులవి ఐదింటిని వెంకయ్యగారు ప్రకటించిరి. బాణులు పల్లవులకు సామంతులై ‘వడుగవళి’కి, అనగా తెలుగుబాటకు, పడమటి నేల నేలిరి. తరువాత చోళుల కాలమున, విక్రమచోళుని ఏలుబడిలో గుడి తిరిగి కట్టబడెను.

ఆ కాలపు తమిళసీమ గ్రామసభల యేర్పాటు సహకార సంఘీయులు వినదగినది. కాంచీపురము చెంత ఉత్తరమేరూరు శాసనములలో (919, 921) చెఱువును చూచుకొనుటకు ఆర్గురు సభ్యుల వారియ మొకటి చెప్పబడినది. పేర్లు వ్రాసిన ఆకులను కుండలోవేసి తీసి వారి నెన్నుకొనిరి. పదవిలో నుండి లెక్క యొప్పజెప్పని వాడును, వాని దగ్గఱి చుట్టములును మరల కుండ కెక్కరాదు! మన సంఘముల నియమావళులు వ్రాసినవారి కీ చివరి నిబంధన తట్టినట్లు లేదు.

గుడిమల్లపు గర్భగృహము ముందరి మండపముకంటె పల్లమున నున్నది. అఱువదేండ్ల కొకసారి లోపల నీ రుబికి లింగమును ముంచునని ఊరివారు చెప్పుదురు. 2005లో అట్లు నీరు వచ్చినది. దేవుని మహిమ యనుట వారి విశ్వాసము. ఏటి ఇసుకలోని నీరు మట్టము పెరిగినప్పు డదియే గుడిలోను, అదియే మన బావులలోను ఎక్కునని మా యూహ.

ఆ ఇసుకకే యిప్పుడు గిరాకి వచ్చినది. ఇండ్లు కట్టుటకు బండ్లకొలది కాదు, లారీలకొలది పోవుచున్నది. 2017 ఏప్రిలు 21వ తేదిని, ఇదే మండలములోని మునగలపాళెము రైతులు సువర్ణముఖిలో ఇసుక త్రవ్వకమును గూర్చి మొఱపెట్టుకొనుటకు ఏర్పేడు పోలీసు ఠాణాకు వచ్చియుండగా, అదుపుతప్పిన లారీ యొకటి జనముమీదికి దూసికొనిరాగా పదిమందికి పైగా మరణించిరి. ఇసుక పోయిన తావున ఏటి గర్భము లోతగును. ఊట దానివెంట దిగును. కాలువ తల పైన నిలిచిపోవును. అప్పుడు బావిని లోతు చేయించుటయో, బోరు దింపుటయో రైతునకు తప్పదు. ఆ వ్యయము ఇసుక వెలలో నెన్నడును లెక్కకు రాదు.