నిప్పు తగిలితేనే నీరు చిమ్మే స్ప్రింక్లరు

లేపాక్షి: ఇక్కడి రైతులకు స్ప్రింక్లరు కొత్త కాదు. వేరుశనగ చేలలో అది నీరు చిమ్మడం చూసినదే. ఇంటి కప్పు కింద బిగించే స్ప్రింక్లరు తీరు వేరు. దాని మూతికి చిన్న గాజు గొట్టం అడ్డుగా ఉంటుంది. మంట వేడికి గొట్టంలోని ద్రవం ఉబ్బి గాజు పగులుతుంది. నీరు మంటపై పడుతుంది. వేడి తగిలినదే తెరుచుకుంటుంది, మిగతావి మూసుకునే ఉంటాయి.

చిన్న కట్టడానికి ఇదెందుకని తీసిపారేయరాదు. సికింద్రాబాదు బోయిగూడలో 2022 మార్చి 23 తెల్లవారుజామున తుక్కు గోదాముకు నిప్పంటుకుని, పై అంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బీహారు కూలీలు చనిపోయారు. ఇక హిందూపురం నుంచి ఫైరింజను లేపాక్షికి చేరాలంటే సుమారు 15 కిలోమీటర్లు రావాలి.

కరువు సీమలో ఇందుకు నీళ్లెక్కడివి? చిన్న ఇంటికి వేసే లెక్క ఇది: రెండు స్ప్రింక్లర్లు, ఒక్కోదానికి నిమిషానికి సుమారు 50 లీటర్లు, పది నిమిషాలు. అంటే వెయ్యి లీటర్లు. ఇంట్లోవారు ప్రాణాలతో బయటపడడానికి ఈ వ్యవధి. గోదాములకు ఇంకా ఎక్కువ కావాలి. ఆ తొట్టి నీటిని మరో పనికి వాడరాదు.

తొట్టిని మిద్దెమీద పెడితే సరిపోదు. స్ప్రింక్లరుకు పైన 5 మీటర్లకు మించిన ఎత్తులో ఉండాలి. లేదంటే కరెంటు పోయినా నడిచే పంపు కావాలి.

గాజు రంగునూ గమనించాలి. ఎరుపుది 68 డిగ్రీలకు పగులుతుంది. ఎండకు కాలే రేకుల షెడ్డుకు 79 డిగ్రీల పసుపుది గాని, 93 డిగ్రీల ఆకుపచ్చది గాని వాడాలి.