పాదాలు, చీలమండల కీళ్ళవ్యాధులు: ‘వాతం’ అనే మాట వెనుక భేదాలు

వ్యాససంగ్రహం:
కాలి కీళ్ళ నొప్పులన్నింటినీ ‘వాతం’ అనే ఒక్క మాటతో చెప్పడం తెలుగు వ్యవహారంలో పరిపాటి. అయితే ఈ మాట కిందికి వచ్చే వ్యాధులు ఒకటి కావు. వాటి కారణాలు, చికిత్సలు వేరువేరు. పాదంలోను, చీలమండలోను తరచుగా కనిపించే మూడు వ్యాధుల భేదాలను, వాటి నిర్వహణను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కీళ్ళవాతం, చీలమండ, సంధివాతం, ఆమవాతం, వాతరక్తం, పాదరక్షలు.

1. ఉపోద్ఘాతం

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 30కి పైగా కీళ్ళు ఉన్నాయి. నడిచేటప్పుడు శరీర బరువుకు కొన్ని రెట్ల భారం చీలమండ మీద పడుతుంది. అందువల్ల ఇక్కడి కీలు దెబ్బతింటే నడకే కుంటుపడుతుంది.

ప్రాచీన వైద్యం ఈ బాధలన్నింటినీ ఒకే గాటన కట్టలేదు. చరకసంహిత చికిత్సాస్థానంలోని 29వ అధ్యాయం వాతరక్తాన్ని గురించినది. మాధవనిదానం ఆమవాతానికి విడిగా ఒక అధ్యాయాన్ని కేటాయించింది. నేటి తెలుగు వైద్యరచనల్లో ఆస్టియో ఆర్థ్రయిటిస్‌ను సంధివాతమని, రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌ను ఆమవాతమని, గౌట్‌ను వాతరక్తమని వ్యవహరించడం కనిపిస్తుంది. ఇవి పూర్తిగా సమానార్థకాలు కాకపోయినా భేదాన్ని సూచించడానికి ఉపకరిస్తాయి. వాడుకలో మాత్రం మూడూ ‘వాతం’లోనే కలిసిపోయాయి.

2. వ్యాధి భేదాలు

2.1 సంధివాతం: ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థి అరిగిపోవడం దీని ప్రధాన లక్షణం. పాదంలో ఇది బొటనవేలి మొదటి కీలులో ఎక్కువగా కనిపిస్తుంది. మోకాలి అరుగుదలకు వయస్సు, బరువు ముఖ్య కారణాలు కాగా, చీలమండ అరుగుదలకు చాలా సందర్భాల్లో పాత గాయమే మూలం. ఏళ్ళ క్రితం విరిగిన ఎముక, పదేపదే పడిన బెణుకు తరువాతి కాలంలో కీలును అరగదీస్తాయి. నడిచేకొద్దీ నొప్పి పెరగడం, విశ్రాంతితో తగ్గడం దీని స్వభావం.

2.2 ఆమవాతం: శరీర రక్షణవ్యవస్థ తన కీళ్ళపైనే దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. సాధారణంగా రెండు పాదాలలోను వేళ్ళ మొదళ్ళు వాచి, కాలు మోపితే గులకరాళ్ళ మీద నడిచినట్లుంటుంది. ఉదయం లేచాక కీళ్ళు అరగంటకు, తరచుగా గంటకు పైగా బిగుసుకుపోయి ఉంటాయి, కదిలేకొద్దీ సడలుతాయి. సంధివాతంలోనూ ఉదయపు బిగువు ఉంటుంది గాని, అది సాధారణంగా అరగంట దాటదు.

2.3 వాతరక్తం: రక్తంలో పెరిగిన యూరిక్ ఆమ్లం కీలులో స్ఫటికాలుగా పేరుకోవడం దీనికి కారణం. తరచుగా రాత్రివేళ, ఉన్నట్టుండి బొటనవేలి మొదలు ఎర్రబారి వాస్తుంది. దుప్పటి తగిలినా ఓర్వలేని నొప్పి పుడుతుంది. నొప్పి ఉద్ధృతంగా ఉన్నప్పుడు రక్తపరీక్షలో యూరిక్ ఆమ్లం మామూలుగానే కనిపించవచ్చు. కీలునుంచి తీసిన ద్రవంలో స్ఫటికాలు కనబడితే వ్యాధి నిర్ధారణ అవుతుంది.

3. నిర్వహణ

సంధివాతంలో బరువు తగ్గడం, కీలు చుట్టూ ఉన్న కండరాలకు వ్యాయామం, చీలమండకు పట్టీ మేలుచేస్తాయి. వేళ్ళను నొక్కని వెడల్పాటి ముందుభాగం, మెత్తని అట్ట ఉన్న పాదరక్షలు వాడాలి. గట్టి గచ్చు మీద వట్టి కాళ్ళతో తిరగడంవల్ల నొప్పి పెరుగుతుంటే, ఇంట్లోనూ మెత్తని చెప్పులు వేసుకోవడం మంచిది. ఇవి చాలనప్పుడు కీలును అతికించే శస్త్రచికిత్స, చీలమండకైతే కృత్రిమ కీలు అమర్చడం మార్గాలు.

ఆమవాతానికి పాదరక్షలు, నొప్పి మాత్రలు చాలవు. వ్యాధి గతిని మార్చే మందులు త్వరగా మొదలైతేనే కీళ్ళు వంకర తిరగకుండా కాపాడుకోవచ్చు. వీటిలో ముఖ్యమైన మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారే వాడాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

వాతరక్తంలో తక్షణ నొప్పిని తగ్గించడం ఒక దశ. పదేపదే వచ్చేవారిలో యూరిక్ ఆమ్లాన్ని డెసిలీటరుకు 6 మిల్లీగ్రాముల లోపు ఉంచడం రెండో దశ. మద్యం, కాలేయం వంటి మాంసాలు, తీపి శీతల పానీయాలు తగ్గించాలి. ‘వాతం చేస్తాయి’ అని పప్పులన్నింటినీ మానిపించే పథ్యానికి మాత్రం ఆధారం బలంగా లేదు.

4. జాప్యం కూడని సందర్భాలు

జ్వరంతోపాటు ఒకే కీలు వేడెక్కి వాస్తే అది సూక్ష్మజీవుల సంక్రమణ కావచ్చు. ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి. మధుమేహం ఉన్నవారిలో నొప్పి అంతగా లేకపోయినా పాదం వేడెక్కి వాస్తే, స్పర్శ తగ్గిన పాదంలో ఎముకలు విరిగి కుంగిపోతూ ఉండవచ్చు. అప్పుడు దానిపై బరువు మోపకుండా వెంటనే పరీక్ష చేయించుకోవాలి. పదార్థాల వివరాలు లేని ‘వాతం పొడులు’ ప్రమాదకరం. అటువంటి వాటిలో స్టెరాయిడ్లు కలిసి ఉన్న సందర్భాలు వెలుగుచూశాయి. నొప్పి మాత్రలను దీర్ఘకాలం సొంతంగా వాడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

5. ముగింపు

‘వాతం’ అన్న మాట బాధను చెబుతుంది, వ్యాధిని చెప్పదు. నొప్పి ఏ కీలులో, ఏ వేళలో, ఎంతసేపు ఉంటుందో, కదిలితే పెరుగుతుందో తగ్గుతుందో రోగి చెప్పగలిగితే వైద్యునికి సగం దారి దొరికినట్లే. పోటు, సలుపు, తీపు, మంట, పట్టివేత వంటి సూక్ష్మభేదాలున్న పదాలు తెలుగులో సమృద్ధిగా ఉన్నాయి. వైద్యుని ముందు వాటిని వాడుకోవడం, ఆరోగ్య విషయాలు రాసేవారు మూడు వ్యాధులనూ వేరువేరు పేర్లతో పిలవడం ఆలస్యాన్ని తగ్గించే మార్గాలు. ముఖ్యంగా ఆమవాతంలో ఆ ఆలస్యానికి మూల్యం కీలే.