భయం ఏ రంగులో ఉంటుంది?

‘మీ భయాన్ని పెయింట్ చేయండి’ అని అసైన్‌మెంట్ ఇవ్వగానే మా బీఎఫ్‌ఏ క్లాసులో నల్లరంగు ట్యూబులన్నీ ఖాళీ! పుర్రెలు, చీకటి గదులు, అరిచే నోళ్లు. సార్ అన్నీ చూసి, ‘‘ఇవి సినిమా పోస్టర్లలో ఉండే భయాలు. మరి మీవేవి?’’ అన్నారు.

తర్వాతి వారం గోడ మీద వేరే బొమ్మలొచ్చాయి. మా ఫ్రెండ్ వాళ్ల నాన్న లారీ డ్రైవర్. అర్ధరాత్రి దిండు పక్కన మోగుతున్న ఫోన్ వేసింది. తెల్ల దుప్పటి, చిన్న వెలుగు. అంతే! క్లాసులో ఎవరూ మాట్లాడలేదు.

నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ అంటే మనకు 1893 నాటి ‘ద స్క్రీమ్’ గుర్తొస్తుంది, అదే, ఎమోజీలా ఉంటుందే! నాకైతే ‘ద సిక్ చైల్డ్’ ఎక్కువ. వాళ్లక్క సోఫీ పదిహేనేళ్లకే క్షయతో చనిపోయింది. జబ్బుపడిన పిల్ల, పక్కన తల వంచుకున్న మనిషి... ఆ ఒక్క దృశ్యాన్నే 1885 నుంచి దాదాపు 40 ఏళ్లలో ఆరుసార్లు పెయింట్ చేశాడు. ఒకసారి వేస్తే భయం పోతుందనేవాళ్లు ఇది చూడాలి.

నా బొమ్మ, 2021లో మా హాల్లో నిలబెట్టిన ఆక్సిజన్ సిలిండర్. నల్లటి ఒళ్లు, తెల్లటి మెడ. ఇప్పటికి మూడుసార్లు వేశా. మీటర్ ముల్లు ఎక్కడ ఆపాలో ఇంకా తేలట్లేదు. ఆ రాత్రంతా నా కళ్లు దానిమీదే మరి.

నాన్నమ్మ ఇప్పుడు బాగానే ఉంది. మొన్న సీరియల్ బ్రేకులో వచ్చి నా కాన్వాస్ చూసి, ‘‘ఏంటే, గ్యాస్ బండ వేస్తున్నావ్?’’ అంది.