మొండి క్షయ – రెండు గంటల పరీక్ష

క్షయ యను పేరు చెవిని బడినంతనే మన యిండ్లలో గొంతులు తగ్గును. కోడలు దగ్గినచో జలుబందురు. పెండ్లికెదిగిన పిల్లయైనచో నసలే పైకి జెప్పరు.

ఈ మౌనము మొండి క్షయ విషయమున మఱింత ప్రమాదకరము. ముఖ్యౌషధమగు రిఫాంపిసినునకు లొంగని క్రిమిచే గలుగునది మొండి క్షయ. మందు నడుమ మానినవారికే యది వచ్చునని లోకవాదము. అది సగము సత్యమే. మొండి క్రిమి రోగి దగ్గునుండి నేరుగ నితరుల కంటును. ఎన్నడును మందు మ్రింగి యెఱుగని యిల్లాలిని నిందించుట యన్యాయమని మా తలంపు.

మునుపు తెమడలోని క్రిములను పరీక్షాశాలలో బెంచి, మందులకు లొంగునో లేదో చూచెడివారు. క్షయక్రిమి పెరుగుట బహు మెల్లన. వారములు, నెలలు గడచెడివి. ఈలోపల రోగి పనికిరాని మందు మ్రింగుచుండ, ప్రక్కను బరుండు పసివాండ్రకు వ్యాధి సోకెడిది. 2010లో ప్రపంచారోగ్యసంస్థ యామోదించిన జీన్‌ఎక్స్‌పర్టు యంత్రము క్రిమిని బెంచదు. దాని జన్యుద్రవ్యమునే యనేక రెట్లు చేసి, రిఫాంపిసినును ధిక్కరింపజేయు మార్పులకై వెదకును. రెండు గంటలలో ఫలితము! మన దేశముననే రూపొందిన ట్రూనాటు బ్యాటరీతోను నడచును గనుక చిన్న యూళ్లకును జేరినది. తక్కిన మందుల సంగతి తేల్చుటకు మఱికొన్ని పరీక్షలు కావలెను.

అయితే యంత్రమెంతటిదైనను మన మిచ్చినదానినే చూడగలదు. పలువురు స్త్రీలు సిగ్గుచే నోటి యుమ్మినే డబ్బీలో వేసి వత్తురు. పాకిస్తానులోని రావల్పిండిలో తెమడ తీయు విధము ముందుగ బోధింపగా, సూక్ష్మదర్శిని పరీక్షలో వ్యాధి తేలిన స్త్రీల సంఖ్య పెరిగెనని 2007లో వెల్లడియైనది. వేకువనే నోరు పుక్కిలించి, గాఢముగ నూపిరి బీల్చి, ఱొమ్ము లోతునుండి దగ్గి తీయవలెను. ఆ పని నలుగురిలో గాక, ఆరుబయట నొంటిగ జేయుట మేలు. ప్రభుత్వ వైద్యశాలలలో నీ పరీక్షకు రుసుము లేదు.